తలుపు లెక్కలో లేని పిల్ల

నమోదు 1

రేపు రక్షణ గది డ్రిల్ ఉంది. సైరన్ మోగడానికి అరగంట ముందే సారవ్వను నిశ్శబ్దపు గదికి తీసుకెళ్ళాలి. గుండీల డబ్బా, నీళ్ళ సీసా, ఆమె ఎప్పుడూ వేళ్ళకు చుట్టుకునే పచ్చ రుమాలు సంచిలో సర్దిపెట్టుకున్నాను.

ఈ పుస్తకం రాయాలన్నది పైవాళ్ళ కొత్త నిబంధన. మామూలు తరగతిలో ప్రత్యేక అవసరాలున్న పిల్ల ఉంటే, ఆమె కోసం నియమించిన టీచరు ఏ రోజు సంగతి ఆ రోజు రాసి ఉంచాలట. రాయడానికి నాకేం బాధ లేదు. దీన్ని ఎవరైనా చదువుతారంటేనే నమ్మకం కుదరడం లేదు.

నా పేరు దమయంతి. భూమి కింద మా సొరంగాల్లో, మూడో గ్యాలరీ బడిలో ఐదో తరగతికి భూమయ్య సారు టీచరు. ఆ తరగతిలో ఒక్క సారవ్వకు మాత్రం నేను టీచర్ని. సారవ్వకు పదేళ్ళు. మాట తక్కువ, మాట్లాడితే ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. హెడ్మాస్టరమ్మ శశిరేఖ మేడంతో సహా అందర్నీ 'నువ్వు' అంటుంది. పెద్ద చప్పుడు ఆమెకు పడదు. సైరన్ వింటే చెవులు మూసుకుని నేల మీద కూలబడిపోతుంది. అప్పుడు ఎవరు ముట్టుకున్నా ఒళ్ళు కాలినట్టు అరిచి రక్కుతుంది. అందుకే డ్రిల్ రోజున ఆమెను ఆ చప్పుడు వినపడని గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు చేశాను. రెండేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు. పోయిన ఏడాది దీనికి నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

నమోదు 2

డ్రిల్ బాగా జరిగిందట. నేనూ సారవ్వా గుండీలు రంగులవారీగా ఏరుకున్నాం. ఆమె హాయిగా ఉంది, నేనూ హాయిగా ఉన్నాను.

తిరిగొచ్చేసరికి రక్షణ గది తలుపు రిపోర్టు గోడకు అంటించి ఉంది. తలుపు లెక్క ఇరవై నాలుగు. పక్కనే మా రిజిస్టరు లెక్క, అదీ ఇరవై నాలుగే. శశిరేఖ మేడం రెండింటి పక్కనా టిక్కు పెట్టారు.

పిల్లలు పలకల మీద బొగ్గు ధూళి తుడుస్తుంటే సారవ్వ కూడా తుడిచింది. మా సొరంగాలకు గాలి పంపే ఫ్యాను నుంచి ఈ వారం గాలి కాస్త బరువుగా వస్తోంది.

నమోదు 3

ఇది ఇవాళే రాయాలి. అక్షరాలు వంకర పోతే పోనీ.

పొద్దున రక్షణ గది తలుపుకు నూనె పెట్టడానికి ఓదెలు వచ్చాడు. తలుపులన్నీ చూసుకునేది అతనే. నేను సారవ్వతో అటుగా పోతుంటే ఆపి అడిగాడు.

"టీచరమ్మా, మీరు ఏ బడి?"

"ఇదే బడి. ఐదో తరగతి."

"ఐదో తరగతా? పదేండ్లసంది ఈ తలుపు కాడ నేనే ఉంటున్న. డ్రిల్లుల మిమ్ముల ఎన్నడు సూడలే. ఈ పిల్లనూ సూడలే."

నవ్వుతూ నిశ్శబ్దపు గది సంగతి చెప్పడం మొదలుపెట్టాను. వింటూ వింటూ అతను చేతిలోని నూనె డబ్బా కింద పెట్టేశాడు. ఆ ముఖం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

గాలి చెడినప్పుడు మేం పరుగెత్తాల్సింది ఆ గదిలోకే. దాని తలుపు లోపలికి వెళ్ళేవాళ్ళను లెక్కబెడుతుంది. తనకు తెలిసిన లెక్క నిండగానే మూసుకుంటుంది. లెక్క తగ్గితే ఐదు నిమిషాలు చూస్తుంది, నిండితే ఒక్క క్షణం కూడా ఆగదు. మళ్ళీ గాలి బాగుపడిందని తేలాకే తెరుచుకుంటుంది. ఆ లెక్క దానికి ఎవరూ చెప్పరు, డ్రిల్లుల్లో చూసి అదే నేర్చుకుంటుంది. పూర్వం చేత్తో అంకె వేసే వీలు ఉండేదట. ఎక్కడో ఎవరో ఎక్కువ వేసుకుంటే, తలుపు రాని మనుషుల కోసం ఆ ఐదు నిమిషాలూ తెరుచుకునే ఉండి లోపలున్న వాళ్ళంతా పోయారట. అప్పటినుంచి తలుపులు కళ్ళారా చూసిందే నమ్ముతాయి.

మా తలుపు రెండేళ్ళుగా చూస్తున్నది ఇరవై ముగ్గురు పిల్లల్నీ, భూమయ్య సారునీ. మొత్తం ఇరవై నాలుగు. రిజిస్టరులో ఉన్నది సారవ్వతో కలిపి ఇరవై నాలుగు మంది పిల్లలు. అంకెలు రెండూ ఒకటే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. నిజానికి మా తరగతిలో ఉండేది ఇరవై ఆరుగురం. తలుపుకు సారవ్వ ఉన్నట్టే తెలియదు. నేనున్నట్టూ తెలియదు.

"నిజంగ సైరన్ మోగితే, ఆఖరుకు అచ్చిన ఇద్దరు బయటనే," అన్నాడు ఓదెలు.

ఆఖరుకు వచ్చేది ఎవరో మా ఇద్దరికీ తెలుసు. సారవ్వ తలుపు అంచు మీద వేలితో నూనె రాస్తోంది. ఆ పిల్లను ఈ లెక్కలోంచి తీసేసింది నేను. సంచీ సర్దుకుని, చెయ్యి పట్టుకుని, ప్రేమగా తీసేశాను.

నమోదు 4

శశిరేఖ మేడం అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడేం చేద్దామంటారు?"

"తలుపుకు మళ్ళీ నేర్పాలి. వరసగా ఏడు డ్రిల్లుల్లో ఇరవై ఆరుగురం లోపలికి వెళ్తే అది లెక్క మార్చుకుంటుందట. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి."

"ఆ పిల్ల సైరన్‌కు నడుస్తుందా?"

"నేర్పుతాను."

"నడవకపోతే?"

జవాబు ఆవిడే చెప్పారు. నడవకపోతే కింది బడి. మా సొరంగాలన్నిటికీ అడుగున, సారవ్వ లాంటి పిల్లలందరినీ ఒకచోట ఉంచే బడి అది. అక్కడి టీచర్లు మంచివాళ్ళే. కానీ గాలి పైనుంచి వస్తూ వస్తూ ఇళ్ళకూ బడులకూ వర్క్‌షాపులకూ పోయి, అందరం పీల్చి వదిలాక చివరికి అక్కడికి చేరుతుంది. ఒకసారి ట్రైనింగుకు వెళ్ళి రెండు రోజులున్నాను. ఇద్దరు పిల్లలు పాఠం మధ్యలో నిద్రపోతే బద్ధకం అనుకున్నాను. మూడో గంటకు నాకూ కళ్ళు మూతలు పడ్డాయి.

"ఒక్క అవకాశం ఇస్తాను దమయంతీ. మిగతా ఇరవై ముగ్గురి తల్లిదండ్రులకు కూడా నేనే జవాబు చెప్పాలి."

బయట భూమయ్య సారు నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు. "రెండేండ్లు డ్రిల్లు రోజు క్లాసు నిమ్మళంగ ఉండె మేడం," అన్నాడు. "నాకు గూడ మంచిగనే అనిపిచ్చింది. గందుకే అడగలే." అతని మీద కోప్పడే హక్కు నాకు లేదు.

నమోదు 5

సారవ్వ తల్లి మధునమ్మకు ఫ్యాను హౌసులో పని. నేను చెప్పింది మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా మళ్ళీ చెప్పాను.

"నువ్వు దాన్ని పైలంగ చూస్కుంటున్నవనే అనుకున్న టీచరమ్మా," అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పోయేటప్పుడు తాను ఫ్యాను దగ్గర పెట్టుకునే చెవి టోపీ నా చేతిలో పెట్టింది. ఫ్యాను చప్పుడుకు తాను కూడా మొదటి నెలంతా ఏడ్చిందట.

టోపీ సారవ్వకు పెద్దదైంది, లోపల బట్ట కుట్టి సరిచేశాను. సైరన్‌ను రికార్డు చేసి, దోమ పాడినంత సన్నగా మొదలుపెట్టాను. రోజూ కాస్త పెంచాను. మూడో రోజు కూలబడింది. నాలుగో రోజు కూలబడి, తనే లేచింది. గ్యాలరీ గోడ పొడవునా నీళ్ళ పైపు ఉంది. దాని మీద చెయ్యి ఆనించి నడిస్తే ఆమెకు ధైర్యంగా ఉంటోంది. పైపు చల్లగా ఉంటుంది, వణకదు.

తరగతిలో నవనీత అని వాగుడుకాయ ఒకతి ఉంది. "డ్రిల్లు రోజు సారవ్వకు సెలవు అనుకున్నం టీచర్. మాకు గూడ గసొంటి సెలవు గావాలని ఏడ్సినం," అంది. ఇప్పుడు పిల్లలంతా పైపు వైపు వదిలేసి రెండో గోడ పక్కన నడవడం అలవాటు చేసుకుంటున్నారు. ఇది వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నమోదు 6

మొదటి డ్రిల్ అయింది. ఓదెలు తలుపు మూసుకోకుండా దుంగ అడ్డం పెట్టాడు. అందరం వెళ్ళాం. సారవ్వ మధ్యలో ఒకసారి ఆగి కళ్ళు మూసుకుని నిలబడింది, కానీ కూర్చోలేదు. ఓదెలు చూపించిన తలుపు అంకెల పలక మీద ఇరవై ఆరు కనిపిస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ దుంగ అతనితో వస్తుంది, అతనితోనే పోతుంది. బడిలో ఉంచితే నేరం. ఎందుకని అడిగితే, లోపలికి చెడుగాలి జొరబడితే ఎవరు జవాబుదారు అన్నాడు.

నమోదు 7

రెండోది, మూడోది అయ్యాయి. ఇవాళ ఫ్యాను రెండుసార్లు ఆగి మొదలైంది. మొదటిసారి పిల్లలెవరూ పట్టించుకోలేదు. రెండోసారి తరగతి మొత్తం పైకి చూసింది.

భోజనం వేళ భూమయ్య సారు నా పక్కన కూర్చున్నాడు. జొన్నరొట్టె తుంచుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఏడు డ్రిల్లులు గాకముందే నిజమైన సైరన్ మోగితే ఎట్ల మేడం?"

నేనూ ఆ లెక్కే వేసుకుంటున్నాను. తలుపుకు తెలిసింది ఇరవై నాలుగు. పిల్లలు ఇరవై నలుగురు. మేమిద్దరం బయటే ఉండిపోతే పిల్లలంతా లోపలికి పోవచ్చు.

"మనిద్దరం బయట ఆగుదాం," అన్నాను.

"నేనూ గదే అనుకున్న. పిల్లలకు జెప్పొద్దు."

అంతే. మిగిలిన రొట్టె తినేశాం. గొప్ప పని చేసినట్టు నాకు లోపల కాస్త వెచ్చగా కూడా అనిపించింది. భయం ఎటు పోయిందో తెలియలేదు.

నమోదు 8

ఆరు అయ్యాయి. ఇంకొక్కటి.

సారవ్వ ఇప్పుడు ఆగడం లేదు. అందరికంటే వెనకగా, పైపు మీద చెయ్యి పెట్టుకుని, తన నడకతో తను వస్తుంది. ఆమె వెనక నేను. ఇవాళ రక్షణ గదిలోకి అడుగుపెట్టి టోపీ తీసేసి, "ఐపాయె," అంది. పిల్లలంతా నవ్వారు. ఆమె నవ్వలేదు కానీ రుమాలు వేళ్ళకు చుట్టుకోవడం మరచిపోయింది.

గోడ మీద చెడుగాలిని కొలిచే గాలి ముల్లు నిన్నటికంటే ఒక గీత ఎక్కువ చూపిస్తోంది. ఫ్యాను బేరింగు మార్చాలని, విడిభాగం పైనుంచి రావాలని మధునమ్మ చెప్పింది.

నమోదు 9

ఏం జరిగిందో అదే రాస్తాను.

లెక్కల గంటలో సైరన్ మోగింది. ఇవాళ డ్రిల్ లేదు. ఓదెలు లేడు, దుంగ లేదు. ఫ్యాను శబ్దం లేదు. అది ఆగిపోతే చెవుల్లో ఎంత ఖాళీగా ఉంటుందో ఇక్కడ పుట్టిన వాళ్ళకే తెలుసు.

పిల్లలు చక్కగా లేచి వరసగా నడిచారు. భూమయ్య సారు ముందు పోయి తలుపు పక్కన, బయటే నిలబడ్డాడు. మాట ప్రకారం నిలబడ్డాడు. సారవ్వ టోపీ పెట్టుకుంది, పైపు పట్టుకుంది, నడిచింది. కూర్చోలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఆమె వెనకే ఉన్నాను.

తలుపు పది అడుగుల దూరంలో ఉంది. ఇరవై ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయారు. పలక మీద 23 కనిపిస్తోంది. ఇంక ఒక్కరికే చోటు. ఆ చోటు సారవ్వది.

అప్పుడు నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. చెడుగాలేమో అనుకున్నాను. ఆ తర్వాత నేనేమీ అనుకోలేదు. నా కాళ్ళు పరుగెత్తాయి. సారవ్వ భుజం నా చేతికి తగిలింది. నేను లోపల ఉన్నాను. వెనక తలుపు మూసుకుంది.

ఇరవై నాలుగో మనిషిని నేను.

తలుపుకు గుప్పెడంత గాజు కిటికీ ఉంది. అందులోంచి చూశాను. సారవ్వ తలుపు దాకా వచ్చి నిలబడింది. తలుపు మీద అరచెయ్యి పెట్టింది. భూమయ్య సారు ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. మళ్ళీ చూడలేదు.

"టీచర్, సారవ్వ మీ ముందల్నే ఉండె గదా?" అని నవనీత అడిగింది.

"సారుతో ఉంది," అన్నాను.

"బయటనా?"

పిల్లలు ఒక్కొక్కరే గోడ వైపు జరిగారు. నా పక్కన ఎవరూ లేరు. తలుపు లోపలి పిడి పట్టుకుని లాగాను. లాగీ లాగీ అరచేతులు బొబ్బలెక్కాయి. అది తెరుచుకోదని నాకు తెలుసు. గాజు దగ్గరకు మళ్ళీ వెళ్ళే ధైర్యం రాలేదు. చివరికి నవనీతే వెళ్ళి చూసి, "కూసున్నరు. కదుల్తున్నరు," అని చెబుతూ వచ్చింది. గంటా నలభై నిమిషాలు ఆ పిల్ల అక్కడే నిలబడి చెప్పింది.

నమోదు 10

చెడుగాలి మా గ్యాలరీ దాకా రాలేదు. రెండో మలుపు దగ్గర ఆగి, ఫ్యాను మొదలయ్యాక వెనక్కి పోయిందట. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు భూమయ్య సారు నిలబడే ఓపిక లేక గోడ పట్టుకుని లేచాడు. సారవ్వ నా పక్కనుంచి లోపలికి నడిచి, టోపీ తీసి, ఖాళీ బెంచీ మీద కూర్చుంది. "ఐపాయె" అనలేదు.

మధ్యాహ్నం శశిరేఖ మేడం పిలిచారు. ఆఫీసు గదిలో భూమయ్య సారు, సారవ్వ, మధునమ్మ ఉన్నారు. మేడం బల్ల మీద ఒక కాగితం ఉంది.

"తలుపు లెక్క మాత్రమే చెబుతుంది, ఎవరనేది చెప్పదు. కాబట్టి రిపోర్టు మనమే రాయాలి," అంటూ చదివారు. విద్యార్థిని సారవ్వ సైరన్ శబ్దానికి దారిలో కూలబడిపోయినందున, తక్కిన పిల్లల భద్రత దృష్ట్యా ప్రత్యేక ఉపాధ్యాయిని లోపలికి వెళ్ళవలసి వచ్చింది. విద్యార్థినిని కింది బడికి మార్చవలసిందిగా సిఫారసు. కింద నా పేరు, సంతకానికి చోటు.

"నేను కూసోలే," అంది సారవ్వ. "నడిసిన. టీచర్ నన్ను దాటి ఉరికింది."

"ఆ పిల్ల చెప్పేది సాక్ష్యంగా రాయలేం," మేడం గొంతు మెత్తగానే ఉంది. "దమయంతీ, ఇది మీకూ మంచిది, బడికీ మంచిది. భూమయ్యగారూ, మీరేమంటారు?"

భూమయ్య సారు కిందికి చూస్తూ అన్నాడు. "నేనైతే చూసిన మేడం. గని నన్ను అడగకుండ్రి. చెప్పేది ఆమెనే చెప్పాలె."

కలం నా చేతిలో ఉంది. సంతకం పెడతానేమోనని నాకే భయం వేసింది. తలుపు దగ్గర వేసిన భయం లాంటిదే. ఉద్యోగం పోతుంది. ఈ గ్యాలరీలో నన్ను చూసి పిల్లల్ని పక్కకు లాక్కుంటారు. ఒక్క సంతకంతో అదంతా పోయి, సారవ్వ కిందికి పోతుంది.

మధునమ్మ లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా బిడ్డ కూసున్నదా టీచరమ్మా?"

"లేదు," అన్నాను. "చక్కగా నడిచింది. ఎక్కడా ఆగలేదు. అది సారవ్వ చోటు. నేను భయపడి ఆమెను తోసుకుని లోపలికి పరుగెత్తాను."

ఆమె నన్ను కొట్టలేదు. కూతురి పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. శశిరేఖ మేడం కాగితం పక్కకు జరిపారు. తర్వాత, నోటిమాట చాలదని, అన్నీ రాతలో కావాలని అన్నారు.

రాతలో ఈ పుస్తకం ఉంది. ఇదే నా రిపోర్టు. రెండేళ్ళ నిశ్శబ్దపు గది సంగతితో సహా పైకి పంపండి. ఒక్క పేజీ కూడా చింపలేదు.

నమోదు 11

నా స్థానంలో ఇంకొకరు వచ్చేదాకా పని చెయ్యమన్నారు. సారవ్వను కిందికి పంపే కాగితం ఆగింది. డ్రిల్లుల వరస తెగింది కాబట్టి లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. తలుపుకు ఇప్పటికీ ఇరవై నాలుగే తెలుసు. బేరింగు ఇంకా రాలేదు. గాలి ముల్లు అదే గీత మీద ఉంది.

రేపు మొదటి డ్రిల్. సారవ్వ ఇక నాతో నడవదేమోనని పొద్దున్నుంచీ భయపడుతూనే ఉన్నాను. అడగడానికి మొహం చెల్లలేదు. బడి వదిలే వేళకు, టోపీలో బట్ట ఊడిపోతే కుడుతుంటే తనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"టీచర్, నీకు భయమైందా?"

"అయింది."

"నాకు గూడ అయింది."

సూది పక్కన పెట్టేశాను. ఏడవకూడదనుకున్నాను, కుదరలేదు. నా ఏడుపు అయిపోయేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. తర్వాత టోపీ తీసుకుని తలకు పెట్టుకుని సరిపోయిందో లేదో చూసుకుంది.

"నువ్వు రేపు నా ఎన్క నడువకు," అంది. "నాకు కనవడేటట్టు నడువు."

సరేనన్నాను.